అల్మారకు నేను వేసిన తాళం

మా లైబ్రరీ సార్ పోయారన్న కబురు నాకు ఏ మనిషీ చెప్పలేదు. యూనివర్సిటీ ఉద్యోగుల పోర్టల్లో ఒక సర్క్యులర్ పడింది. అది తెరవాలంటే ముందు పాస్‌వర్డ్ కొట్టాలి, తర్వాత ఫోనుకొచ్చిన ఆరంకెల నంబరు కొట్టాలి. రెండూ కొట్టి తెరిస్తే, కిందటేడు రిటైరైన మా అసిస్టెంట్ లైబ్రేరియన్ కిడ్నీ జబ్బుతో కన్నుమూశారని, ఇది సంస్థకు తీరని లోటని, "ఆమె సేవలు చిరస్మరణీయం" అని రాసి ఉంది. అంతకుముందు పోయిన ఒక మహిళా సూపరింటెండెంటు గారి సంతాపం తీసి పేరు మార్చారు, మిగతాది మార్చడం మరిచిపోయారు. సార్ చూసి ఉంటే నవ్వి, పెన్నుతో దిద్ది, సరైన కాపీ మళ్ళీ పెట్టించేవారు.

మర్నాడు సెమినార్ హాల్లో సంతాప సభ జరిగింది. ఒక పెద్దాయన లేచి, స్వర్గీయులు మన సంస్థ ర్యాంకు పెరగడానికి ఎంతో తోడ్పడ్డారన్నారు. ఇంకొకాయన డిజిటల్ విప్లవం గురించి మాట్లాడారు. రెండు నిమిషాల మౌనంలో ఎవరిదో ఫోను మోగింది. ఒక్కరూ ఆయన చేసిన పనేమిటో సరిగ్గా చెప్పలేదు. తెలియక కొందరు చెప్పలేదు, తెలిసి ఇంకొందరు చెప్పలేదు. రెండో రకంలో నేనున్నాను. నన్ను మాట్లాడమంటే గొంతు బాగాలేదన్నాను. గొంతు శుభ్రంగా ఉంది.

అక్కడ చెప్పనిది ఇక్కడ చెబుతాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి కాస్త తేలిక.

యూనివర్సిటీ లైబ్రరీకి రిపోజిటరీ అని ఒక వెబ్‌సైటు ఉంటుంది. అధ్యాపకులం మేం రాసిన పరిశోధన వ్యాసాలన్నీ అందులో పెడతారు. మా జీతాలు జనం కట్టిన పన్నులవి కాబట్టి, మేం కనుక్కున్నది ఆ జనం పైసా కట్టకుండా చదువుకోవాలి, దాని ఉద్దేశం అంతే. మా సార్ ఆ సైటును ఒంటిచేత్తో నిలబెట్టారు. రిపోజిటరీ అన్న మాట ఆయన నోటికి ఎక్కలేదు. 'మన అల్మార' అనేవారు. తాళం లేని అల్మార.

ఆయనకు రెండు వేళ్ళతో తప్ప టైపు కొట్టడం రాదు. ఆ రెండు వేళ్ళతోనే కొన్ని వేల వ్యాసాల వివరాలు ఎక్కించారు. మేమెవరమూ మా అంతట మేం ఇచ్చిన పాపాన పోలేదు. అందుకని ఆయనే భుజానికో గుడ్డ సంచి వేసుకుని డిపార్టుమెంటు తర్వాత డిపార్టుమెంటు తిరిగేవారు. అఫ్జల్‌గంజ్‌లో ఏదో ధాన్యం కొట్టువాళ్ళు ఇచ్చిన సంచి అది, పేరు సగం చెరిగిపోయింది. అందులో పెన్‌డ్రైవులు, ఫారాలు, స్టాంపు, ఆకుపచ్చ ప్లాస్టిక్ సీసాలో ఇంటి నీళ్ళు ఉండేవి. ఆఫీసు కూలర్ నీళ్ళు ముట్టేవారు కాదు.

"చప్పగుంటయి మేడం. మా పంపు నీళ్లు తాగి చూడుండ్రి, ఎంత తియ్యగుంటయో" అని నాకూ ఒకటి రెండుసార్లు పోశారు. నిజంగానే బాగుండేవి.

ఆయన సంచి వరండాలో కనిపించగానే మావాళ్ళు ఫోను చెవికి పెట్టుకునేవారు. వ్యాసం ఇవ్వకపోవడానికి మా దగ్గర లేని సాకు లేదు. అచ్చేసిన పత్రికవాళ్ళు కేసు పెడతారని ఒకరు, ఎవరో కాపీ కొట్టేస్తారని ఇంకొకరు. నిజానికి కాపీ బయటపడుతుందన్న భయం ఉన్నవాళ్ళే ఎక్కువ. ఒకే వ్యాసాన్ని రెండు పేర్లతో రెండు పత్రికల్లో వేయించుకున్న ప్రొఫెసర్ ఒకాయన, ఒక్కటి పెడితే చాలు, రెండోది ఎందుకులే అన్నారట. సార్ వచ్చి నాతో చెప్పి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "ఒక్క పిలగానికి రెండు బర్త్ సర్టిఫికెట్లు తీసిండు మేడం. ఏది ఉంచాల్నో ఆయనకే సమజైతలేదు."

కేసుల భయానికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. పత్రికవాళ్ళు అందంగా అచ్చేసిన పేజీలు వాళ్ళవి, అవి మనం పెట్టకూడదు. వాళ్ళకు పంపేముందు మీ కంప్యూటర్లో మీరు కొట్టుకున్న చివరి కాపీ మీది. అది పెట్టుకోవచ్చు, చాలా పత్రికలవాళ్ళే ఒప్పుకుంటారు. తమాషా ఏమిటంటే ఆ చివరి కాపీ మా ఎవరి దగ్గరా ఉండదు. సార్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఫైనల్ అసలుది', 'ఇదే ఫైనల్' అని పేర్లు పెట్టుకున్న ఫైళ్ళన్నీ తెరిచి, పేరా పేరా పోల్చి, ఏది నిజంగా చివరిదో తేల్చేవారు. ఎవరైనా ఇవ్వనని మొండికేస్తే, ఆయన గట్టిగా అన్న మాట నాకు గుర్తున్నది ఒక్కటే. "రాసింది రాసినోళ్లే దాసుకుంటే దాన్ని డైరీ అంటరు సార్. పరిశోధన అనరు."

అన్నిటికంటే మావాళ్ళకు చిర్రెత్తించింది ఆ నాలుగు లైన్ల పద్ధతి. ప్రతి వ్యాసం పేజీలోనూ ఆయన ఒక గడి ప్రత్యేకంగా పెట్టించారు. అందులో ఆ వ్యాసం సంగతి తెలుగులో నాలుగు లైన్లు రాయాలి, వీలైతే ఉర్దూలో కూడా. "మీ అమ్మకు చెప్పినట్టు రాయుండ్రి" అనేవారు. ఇంటర్నేషనల్ పత్రికల్లో రాసేవాళ్ళం, అమ్మకు చెప్పినట్టు రాయడమేమిటి అని స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్ళం. రాయనివాళ్ళవి ఆయనే చదివి, అర్థం కానిచోట వచ్చి అడిగి, నాలుగు లైన్లు రాసేవారు. దోమల మీద రాసిన వ్యాసానికి ఆయన రాసిన నాలుగు లైన్లు, ఆ వ్యాసం కంటే బాగున్నాయని జువాలజీ మేడం ఒప్పుకున్నారు, నా ఒక్కదాని దగ్గర.

ఆయన ఇల్లు ఉప్పుగూడ స్టేషనుకు దగ్గర్లో ఒక గల్లీలో అని తెలుసు, ఎప్పుడూ వెళ్ళలేదు. ఆదివారాలు ఆ నాలుగు లైన్ల కాగితాలు ప్రింటు తీసి సంచిలో వేసుకుని, వాకిట్లో చేతిపంపు దగ్గర ఆడవాళ్ళు బిందెలతో లైను కట్టినప్పుడు చదివి వినిపించేవారట. దోమలది, రేషను బియ్యంలో ఏముంటుందన్నది, కార్వాన్ వైపు పాత ఇళ్ళ గోడలు ఎందుకు చెమ్మగిల్లుతాయన్నది. నేను నమ్మలేదు. మా వ్యాసాలు మేమే చదవం, బిందెలు పట్టుకున్నవాళ్ళు వింటారా అన్నాను.

"బిందె నిండేదాంక ఏం చేస్తరు మేడం, వింటరు" అన్నారు సార్. "నిండినంక గూడ ఉంటరు కొందరు."

ఇక నా సంగతి. నాది నీళ్ళ పరిశోధన. మాది కోస్తా వైపు, ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఏడేళ్ళ కిందట పాతబస్తీ చేతిపంపుల నీళ్ళు పరీక్ష చేసే ప్రాజెక్టు ఒకటి నాకు వచ్చింది. నా రీసెర్చ్ స్కాలర్లు గల్లీగల్లీ తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చారు. ఏ సీసా ఏ పంపుదో కలగలిసిపోకుండా, పంపు మీద ఎర్ర పెయింటుతో నంబరు వేసి, అదే నంబరు సీసా మీద రాసేవారు. ఏ నంబరు ఏ గల్లీదన్నది విడిగా ఒక నోట్‌బుక్కులో ఉండేది. నేను ల్యాబు దాటి బయటికి వెళ్ళలేదు. నాకు పేటల పేర్లు, పంపుల నంబర్లే తెలుసు. వ్యాసంలో కూడా గల్లీల పేర్లు వద్దు, జనం హడలిపోతారు, నంబర్లు చాలని ప్రాజెక్టు కమిటీ అంది. నాకూ అది పెద్దమనిషి తరహాగానే అనిపించింది.

పరీక్షలు పూర్తయిన రోజుల్లో సార్ ఒక సాయంత్రం ల్యాబుకి వచ్చారు. సంచి కింద పెట్టి, సీసా మూత తీసి రెండు గుక్కలు తాగి, మామూలుగా అడిగినట్టే అడిగారు.

"మేడం, మా ఉప్పుగూడ దిక్కు నీళ్లు ఎట్లున్నయి?"

నా ముందు కంప్యూటర్లో పట్టిక తెరిచే ఉంది. చివరి వరస సగటు. ఉప్పుగూడ వైపు పంపులన్నీ కలిపి సగటు చూశాను. తాగేనీళ్ళలో ఇంతకు మించి ఉండకూడదని పెట్టిన పరిమితికి కొంచెం లోపలే ఉంది.

"సగటున పరిమితి లోపలే ఉన్నాయి సార్. ఫికర్ పడకండి" అన్నాను. ఆయన మాట ఆయనకు అప్పజెప్పి చనువు చూపించానని మురిసిపోయాను కూడా. సార్ నవ్వి, మిగిలిన నీళ్ళు తాగేసి, సంచి ఎత్తుకుని వెళ్ళిపోయారు.

సగటు అబద్ధం కాదు. మా వృత్తిలో అందరం రోజూ చెప్పే మాట అది. పది పంపుల్లో తొమ్మిది శుభ్రంగా ఉండి, పదోది విషం కక్కుతున్నా సగటు మంచిదే వస్తుంది. కాని సగటు నీళ్ళు ఎవరూ తాగరు. ప్రతి మనిషీ ఒక పంపు దగ్గర నిలబడి ఆ పంపు నీళ్ళు తాగుతాడు. ఇది నాకు తెలియక కాదు. క్లాసులో పిల్లలకు నేనే చెబుతాను, పరీక్షలో ప్రశ్నగా కూడా ఇస్తాను. ఆయన అడిగిన పూట పట్టికలో నాలుగు వరసలు పైకి జరిపి, "మీ పంపు నంబరెంత సార్?" అని అడగడానికి నాకు బద్ధకమేసింది.

డబ్బు కట్టినవాళ్ళకే తెరుచుకునే ఒక పత్రికలో వ్యాసం అచ్చయింది, పంపుల పట్టిక మొత్తం మాత్రం నా చివరి కాపీలోనే ఉంది. సార్ ఫారం తెచ్చారు. అందులో మూడు గళ్ళు ఉంటాయి. ఇప్పుడే అందరికీ తెరవాలి, ఏడాది తర్వాత తెరవాలి, ఐదేళ్ళ తర్వాత తెరవాలి. నేను మూడోదానిలో టిక్కు పెట్టాను. ఆ లెక్కలతోనే రెండో వ్యాసం రాయాలి, అందాకా పట్టిక బయటపడితే ఇంకెవరైనా వాడేసుకుంటారు, నా ప్రమోషను ఫైలు నడుస్తోంది. అందరూ చేసేదే. ఆ ఫారాన్ని ఆయన చాలాసేపు చూశారు.

"తాళమెందుకు మేడం?"

"రెండో పేపరు రావాలి సార్. అది రాగానే తీసేద్దాం."

"గిట్ల తలా ఒక తాళమేస్తే ఇది అల్మార ఎట్లయితది. బ్యాంకు లాకరయితది" అన్నారు. అన్నారే గాని స్టాంపు వేశారు. రచయిత చెప్పింది దాటకూడదన్నది ఆయన నియమం. "మరి నాలుగు లైన్లన్న రాయుండ్రి. తాళమేసినా గవి బయటికి కనబడతయి."

"తర్వాత రాస్తాను సార్."

తాళం వేసిన వ్యాసాన్ని ఆయన చదవరు కాబట్టి, ఆ నాలుగు లైన్లు ఆయన రాయలేరు. నేనే రాయాలి. ఆ తర్వాత వరండాలో ఎదురైనప్పుడల్లా "మేడం, నాలుగు లైన్లు" అనేవారు. నేను "రాస్తాను సార్, ఈ వారం" అనేదాన్ని. రెండో వ్యాసం ఇప్పటికీ రాలేదు. ప్రమోషను వచ్చింది. తాళం గడువు ఐదేళ్ళూ అయిపోయేసరికి ఆయన రిటైరయ్యే నెల. నేను ఇంకో రెండేళ్ళు పొడిగించమని ఫారం పంపాను. ఎందుకు పంపానంటే, అందరూ పొడిగిస్తారు కాబట్టి. ఆయన చివరిగా స్టాంపు వేసిన ఫారాల్లో అదొకటి. అప్పటికే ఆయన పాదాలు వాచి, చెప్పుల్లో పట్టక, వార్లు వదులు చేసుకుని వచ్చేవారు. వారానికి రెండుసార్లు డయాలిసిస్ అని ఎవరో అన్నారు. చూడటానికి వెళ్ళాలనుకున్నాను. అనుకోవడం వరకు నేను చాలా మంచిదాన్ని.

సంతాప సభ అయిన మూడో రోజు ఉప్పుగూడ వెళ్ళాను. స్టేషను దగ్గర దిగి లైబ్రరీ సార్ ఇల్లెక్కడని అడిగితే, దుకాణంలో కూర్చున్న పెద్దాయన, "పంపు కాడ చదివే సారా? సీదా పోయి లెఫ్ట్" అన్నాడు. అంటే ఆ చదవడం నిజమేనన్నమాట.

నాలుగు వాటాల ఇల్లు, మధ్యలో వాకిలి. సార్ భార్య నన్ను ఎప్పుడూ చూడలేదు, పేరు చెప్పగానే గుర్తుపట్టింది. "నీళ్ల మేడం గదా. కూసోండ్రి" అని అరుగు మీద చాప వేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకు. ఆస్పత్రి సంగతి, ఆఖరి రోజు సంగతి మెల్లగా చెప్పింది. తర్వాత లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది.

గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళాను. అప్పుడు కనిపించింది, ఆమె వెనకాల వాకిట్లో చేతిపంపు. పిడి కింద, తుప్పు మధ్య, వెలిసిన ఎర్ర పెయింటుతో 14.

నా పట్టిక నాకు కంఠతా వచ్చు. పద్నాలుగో నంబరు నీళ్ళలో సీసం. పరిమితిని ఎప్పుడో దాటిపోయి, ఒకసారి చేసిన పరీక్ష తప్పయి ఉంటుందని నేను మూడుసార్లు చేయించిన నంబరు అది. పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించే చోటు ఏదో దగ్గర్లో ఉండి ఉంటుందని వ్యాసంలో ఒక వాక్యం కూడా రాశాను, ఒద్దికగా, 'అవకాశం కలదు' అని ముగించి. సీసం కిడ్నీలను తినేస్తుందని ఆ పై వాక్యంలో ఉంది. ఆ రెండు వాక్యాలకూ కలిపి ఆరేళ్ళుగా తాళం.

"తాగుండ్రి మేడం, పంపు నీళ్లే. మస్తు తియ్యగుంటయి" అంది ఆమె.

నేను తాగలేదు. చెప్పనూ లేదు. గ్లాసు పక్కన పెట్టి, వస్తానమ్మా అని లేచి వచ్చేశాను. స్టేషన్లో బెంచీ మీద కూర్చుని, ఆమె ఆ గ్లాసు నీళ్ళు పారబోసిందో తాగిందో అని ఆలోచించాను. వెనక్కి మాత్రం వెళ్ళలేదు. ఈ రాతలో నన్ను క్షమించడం కష్టమైన చోటు మీకు ఏదనిపిస్తుందో గాని, నాకు మాత్రం ఇదే.

ఆ నీళ్ళ వల్లనే ఆయన పోయారని ఏ డాక్టరూ రాయలేదు. షుగరు కూడా ఉందట ఆయనకు. వల్లనే అని రుజువు చెయ్యమంటే నేను కూడా చెయ్యలేను, 'అవకాశం కలదు' అనే రాస్తాను. ఆ మాటతో నాకు ఊరట దొరుకుతుందేమోనని కొన్నాళ్ళు చూశాను. దొరకలేదు.

ఆ రోజు స్టేషను నుంచి తిన్నగా డిపార్టుమెంటుకి వెళ్ళి తాళం తీసేద్దామని సైటు తెరిచాను. నా వ్యాసం పేజీలో, నాలుగు లైన్ల గడి ఖాళీగా లేదు. అందులో సార్ కొట్టిన రెండే రెండు మాటలున్నాయి. 'మేడం రాస్తరు.' ఆరేళ్ళుగా లోకమంతటికీ కనబడేలా అదే ఉంది.

ఆ పేజీలోనే కింద, తాళం వేసిన వ్యాసం కావలసినవాళ్ళు రచయితను అడగడానికి ఒక మీట ఉంటుంది. అది నొక్కి పేరు, కారణం రాస్తే రచయితకు మెయిల్ వెళ్తుంది. రచయిత సరేనంటే ఆ ఒక్కరికి వ్యాసం అందుతుంది. లైబ్రరీ నుంచి వచ్చే మెయిళ్ళు విసుగని, నేను ఎప్పుడో అవన్నీ వాటంతటవే ఒక మూలకు వెళ్ళిపోయే ఏర్పాటు చేసుకున్నాను. ఆ మూలకు నేను పెట్టుకున్న పేరు 'తర్వాత'. ఇప్పుడు అది తెరిచాను. వందల కొద్దీ మెయిళ్ళ మధ్య నా వ్యాసం అడిగినవి రెండే ఉన్నాయి. ఏడాది తేడాతో ఒకే మనిషి రాసినవి.

పేరు దగ్గర సార్ పేరుంది. హోదా దగ్గర అసిస్టెంట్ లైబ్రేరియన్ అని లేదు, 'పాఠకుడు' అని ఉంది. కారణం దగ్గర ఇలా ఉంది: 'మా వాకిట్లో పంపు మీద 14 అని రాసి ఉన్నది. మీ పట్టికలో 14 చూడాలని ఉన్నది. తీరినప్పుడు పంపగలరు.'

ఆ సైటు మొత్తానికి తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. ఒక్కసారి నొక్కితే ఏ వ్యాసమైనా తెరుచుకుంటుంది. తెరిచారేమోనని చూశాను, ఎవరు ఎప్పుడు తెరిచిందీ సైటులో నమోదవుతుంది. నావి తప్ప ఇంకెవరి వేళ్ళూ దానిమీద పడలేదు. తెరిచి ఉంటే బాగుండును. జీవితంలో ఒక్కసారి నియమం తప్పి ఉంటే బాగుండునని ఒక నిజాయితీపరుడి గురించి అనుకోవలసి రావడం ఎంత చేదో మీకు చెప్పలేను. పోనీ మళ్ళీ వచ్చి నన్ను మొహం మీదే అడగొచ్చు కదా అని ఆయన మీద కోపం కూడా వచ్చింది. కాని ఆయన మొహం మీద అడిగారు. నేను ఫికర్ పడొద్దన్నాను. మళ్ళీ అడిగితే నన్ను నమ్మనట్టవుతుంది. అందుకని పాఠకుడై అడిగారు, రెండుసార్లు, వరస తప్పకుండా.

తాళం తీసేశాను. అదెంతసేపు, ఒక టిక్కు తీసెయ్యడమే. తీసి, మా ఇంటి నుంచి మామూలు మనిషిలా తెరిచి చూద్దునుగదా, పాస్‌వర్డ్ అడిగింది. సార్ రిటైరయ్యాక సైటును ఏదో ఏజెన్సీ చేతికిచ్చారట. భద్రత కోసమని ఉద్యోగులకు, విద్యార్థులకు తప్ప కనబడకుండా చేశారు. తెలుగు గడి కొత్త వ్యాసాలకు లేదు, ర్యాంకులకు అది అక్కర్లేదట. డీన్ గారి దగ్గరికి వెళ్ళి, మరి ఇది ఎవరికోసం సార్ అన్నాను. "ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళకు లాగిన్ ఇస్తాంగా మేడం, ఇబ్బందేముంది?" అన్నారాయన. ఇబ్బందేమీ లేదు. నీళ్ళ శాఖకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. సంబంధిత సెక్షనుకు పంపామని చాన్నాళ్ళకు జవాబొచ్చింది.

ఆ ఉత్తరం పంపిన రోజే కూర్చుని నాలుగు లైన్లు రాశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను తెలుగులో రాసిన మొదటి పరిశోధన అదే. రాయడానికి ఎంతసేపు పట్టిందో చెబితే నా మొహాన ఉమ్మేస్తారు. టీ చల్లారేలోపు అయిపోయింది.

'ఈ పంపు నీళ్లలో సీసం ఉంది. మరగబెట్టినా, వడగట్టినా పోదు. తాగొద్దు, వంటకు వాడొద్దు, పిల్లలకు అసలే ఇవ్వొద్దు. ఇన్నాళ్లు తాగినవాళ్లు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి.'

పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసుకుని మళ్ళీ ఉప్పుగూడ వెళ్ళాను. పొద్దున్న పది గంటలు, పంపు దగ్గర ఎవరూ లేరు. సార్ భార్య చేతిలో కాగితం పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. సగటు సంగతి, తాళం సంగతి, ఆయన రాసిన రెండు మెయిళ్ళ సంగతి, మొన్న గ్లాసు పక్కన పెట్టి ఎందుకు వెళ్ళానో ఆ సంగతి. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఆమె కళ్ళజోడు తెచ్చుకుని, కాగితం రెండుసార్లు చదివింది.

"గింతేనా మేడం?" అంది.

"అంతేనమ్మా."

"గింతదానికేనా, ఆయన ఇన్నేండ్లు మేడం రాస్తరు, మేడం రాస్తరు అనుకుంట కూసున్నది?"

ఆమె పంపు వైపు చూసింది.

"నేను చెప్పిన మేడం ఆయనకు. తాళంచెవి నీతాన్నే ఉన్నది గదా, తీసి చూడరాదు అన్న. తాళంచెవి నాతాన్న ఉంటే తాళం నాదైతదా అన్నడు. మేడం మంచిది, యాదికొచ్చినప్పుడు రాస్తది అన్నడు." కళ్ళజోడు తీసి, "మీరు మంచోళ్లే మేడం. యాదికి రాలే, అంతే" అంది.

నన్ను ఎవరూ ఇంతకంటే బాగా తిట్టలేదు.

ఆమె లోపలికి వెళ్ళి మేకుకు వేలాడుతున్న గుడ్డ సంచి తెచ్చింది. అందులో స్టాంపు, ఆకుపచ్చ సీసా ఇంకా ఉన్నాయి. అవి తీసి అరుగు మీద పెట్టింది. సంచిలో నా కాగితం వేసి, సంచి పట్టీలను పంపు పిడికి చుట్టి, పిడి పైకి లేవకుండా బిగించి ముడేసింది.

"ఆయన సంచి చూస్తే గల్లీల అందరు ఆగుతరు. తీసి చదువుతరు" అంది.

నంబర్లకు గల్లీలు రాసిన ఆ పాత నోట్‌బుక్కులో పద్నాలుగు లాంటివి ఇంకా కొన్ని నంబర్లున్నాయి. ఒక్కో గల్లీ వెతుక్కుంటూ వెళ్తున్నాను, ఒక్కోచోట నాలుగు లైన్లు ఇచ్చి వస్తున్నాను. దీన్ని మంచిపని అనకండి. ఏడేళ్ళ కింద చెయ్యాల్సింది.

ఆ రోజు వచ్చేస్తూ గల్లీ మలుపులో ఒకసారి వెనక్కి చూశాను. పక్క వాటా ఆవిడ ఖాళీ బిందె చంకన పెట్టుకుని పంపు దగ్గరికి వచ్చింది. సంచి చూసి ఆగింది. బిందె కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, సంచిలోకి చెయ్యి పెట్టింది. మా అందరి రాతలూ అడిగి అడిగి నింపుకున్న ఆ సంచిలోకి నా నాలుగు లైన్లు చేరడం అదే మొదలు.